బంద్ నాడే దొరికే గది

ఈ ప్రయాణానికి మొదలు మా ఆయన పెట్టిన ఒక సంతకం. హన్మకొండలో ఎగ్జిబిషన్ చూడటానికి వెళ్ళినప్పుడు, గేటు దగ్గర టై కట్టుకున్న మనిషి ఒకడు కూపన్ మీద మా పేరూ ఫోన్ నంబరూ రాయించుకున్నాడు. వారం తిరక్కుండా ఫోను. లక్కీ డ్రాలో బహుమతి వచ్చిందట, భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలట. బహుమతి ఇచ్చేవాడికి ఇద్దరం ఎందుకు కావాలో నాకు అర్థం కాలేదు. అయినా వెళ్ళాం. చల్లని హాలు, పెద్ద తెర మీద కొండలు, సముద్రం, మన కాళేశ్వరం దగ్గరి గోదావరి. కడుపునిండా భోజనం పెట్టారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపు మా ఆయన సంతకం చేసేసి, పక్కవాడితో నవ్వుతూ కూర్చున్నాడు. ఆ బహుమతి ఏమిటంటారా? గాజు గ్లాసుల పెట్టె. బస్సు జనగామ చేరేసరికి అందులో ఒకటి పగిలే ఉంది.

మేం చేరింది పాయింట్ల క్లబ్బులో. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒకేసారి పెద్ద మొత్తం కడితే, ఏటేటా మన పేరున కొన్ని పాయింట్లు పడతాయి. ఆ క్లబ్బుకు ఎక్కడెక్కడ విడిది ఇళ్ళున్నాయో అక్కడ ఆ పాయింట్లు ఖర్చుపెట్టి గది తీసుకోవచ్చు. పండగలకూ ఎండాకాలం సెలవులకూ పాయింట్లు ఎక్కువ పోతాయి, ఎవరూ తిరగని రోజుల్లో తక్కువ. వాడుకోని పాయింట్లు కొన్నాళ్ళకు మురిగిపోతాయి. ఇవి కాక ఏటా నిర్వహణ ఖర్చని మళ్ళీ కట్టాలి, మనం వెళ్ళినా వెళ్ళకపోయినా. ఇదంతా మా ఆయనకు సంతకం పెట్టాక తెలిసింది. నాకు పెట్టకముందే తెలుసు, కానీ నేను చెయ్యి కడుక్కుంటున్నాను కదా!

మా గురించి కూడా చెప్పాలి. జనగామ స్టేషన్ రోడ్డులో నాకు ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం ఉంది. మా ఆయన యాదగిరి మార్కెట్ యార్డులో దడువాయి, అంటే రైతులు తెచ్చిన ధాన్యం తూకం వేసే మనిషి. ఆయన ఈ లోకంలో ఎవర్నీ అనుమానించడు. ఆ వాటా కూడా కలిపి నేనే అనుమానిస్తాను. పాలవాణ్ణి అనుమానిస్తాను, పాలలో నీళ్ళు లేకపోతే ఎందుకు లేవని ఇంకా అనుమానిస్తాను. మా చెల్లెలు సరోజకు భూపాలపల్లి సంబంధం వచ్చినప్పుడు, చెప్పాపెట్టకుండా ఆ ఊరికి వెళ్ళి, కిరాణా కొట్టు దగ్గరా కల్లు దుకాణం దగ్గరా పెళ్ళికొడుకు సంగతులు ఆరా తీశాను. అతను బంగారం లాంటి మనిషని తేలింది. ఆ సంగతి అతనికి ఇప్పటికీ గుర్తే, అప్పుడప్పుడూ ఎత్తిపొడుస్తాడు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ రాస్తారోకో, రేపు బంద్, ఎల్లుండి ర్యాలీ. మేం ఎప్పుడు గది అడిగినా క్లబ్బువాళ్ళు "ఫుల్ అయిపోయిందండీ" అనేవారు. దసరాకు ఫుల్, ఆదివారానికి ఫుల్, ఏమీ లేని బుధవారానికి కూడా ఫుల్. మేం అడిగింది ఎక్కడో దూరాన ఉన్నది కూడా కాదు, గూడూరు అవతల అడవి వారన ఉన్న విడిది. అయితే ఒకసారి వాళ్ళే ఫోన్ చేసి గది దొరికిందన్నారు. గది ఇచ్చిన రోజే బంద్, వెళ్ళలేకపోయాం. రాలేదు కాబట్టి పాయింట్లు వాడుకున్నట్టే లెక్క అన్నారు. రెండోసారీ అంతే. మూడోసారి టీవీలో శనివారం బంద్ అని ఇంకా చెబుతూనే ఉన్నారు, ఫోన్ మోగింది.

"కంగ్రాచ్యులేషన్స్ మేడమ్! మీరడిగిన గది శనివారానికి కన్ఫర్మ్ అయిందండీ. మధ్యాహ్నం రెండులోపు చెక్-ఇన్ అవ్వాలండీ" అంది అవతలి అమ్మాయి, గొంతులో తేనె ఒలకబోస్తూ.

నాకు ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. ఫోన్ పెట్టేసి మా ఆయనతో అన్నాను. "చూసినవా? బంద్ అని చెప్పుడే ఆలస్యం, గది ఇస్తున్నరు. మనం రాలేమని తెలిసే ఇస్తున్నరు."

"పాపం, వాళ్ళు హైదరాబాద్‌ల ఉంటరు. వాళ్ళకేం తెలుసు?" అన్నాడాయన. ఆయన నోట ఆ 'పాపం' అనే మాట వింటే నాకు ఎక్కడలేని తిక్క రేగుతుంది.

ఉత్తప్పుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్నేమో. కానీ అప్పటికి విషయం మా ఇంటి గడప దాటింది. సరోజ మొగుడు సమ్మయ్య బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని చేసి ఆ మధ్యే రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో సగం పెట్టి, ఇదే క్లబ్బులో అన్నిటికంటే పెద్ద సభ్యత్వం తీసుకుంటానని కూర్చున్నాడు. ఆదివారం క్లబ్బువాళ్ళు భూపాలపల్లికే వచ్చి మీటింగ్ పెడుతున్నారట, అక్కడే సంతకం. ఆ డబ్బు పోతే మళ్ళీ సంపాదించే వయసు కాదు, ఒంట్లో ఆ సత్తువా లేదు. సరోజకు ఫోన్ చేసి నా అనుమానం చెప్పాను. అది పకపకా నవ్వింది.

"అక్కా, దేవుడు ఎదురుంగ వచ్చి నిలవడ్డా గుర్తింపు కార్డు అడిగే మనిషివి నువ్వు. నీ మాట పట్టుకుంటే మేం ఇంట్లకెళ్ళి బయట కాలు పెట్టగలుగుతమా?"

ఫోన్ మీద చెబితే నమ్మరని తేలిపోయింది. బంద్ నాడే ఆ విడిదికి వెళ్ళి కళ్ళతో చూడాలి, చూసి అటునుంచి అటే భూపాలపల్లి వెళ్ళి సంతకం ఆపాలి అనుకున్నాను. మా ఆయన ముందు నోరెళ్ళబెట్టాడు, తరవాత "సరే, టిఫిన్ డబ్బా కడుదాం" అన్నాడు. ఆ మనిషితో కాపురంలో ఉన్న సుఖం అదే.

ఆ రోజు బస్సులూ దుకాణాలూ బంద్, రైళ్ళను ఆపే పిలుపు మాత్రం లేదు. జనగామలో ఆరున్నర ప్రాంతంలో రైలెక్కాం. కాజీపేట, వరంగల్ దాటాక బోగీ సగం ఖాళీ అయింది. జనరల్ టికెట్టుకు ఇద్దరికీ కలిపి వంద కూడా కాలేదు. కేసముద్రం దాటేదాకా మా ఆయన కిటికీ పక్కన కూర్చుని, పొలాల్లో పత్తి ఎంత ఎత్తు పెరిగిందో చూస్తూ నాకు వర్ణిస్తూనే ఉన్నాడు. తొమ్మిది దాటాక మహబూబాబాద్‌లో దిగాం. ఇక్కడివాళ్ళు మానుకోట అంటారు. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికదే జిల్లా. అప్పుడు అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఇప్పటికీ పొద్దుటి రైలే మేలు.

స్టేషన్ బయట దుకాణాలన్నీ మూతబడి ఉన్నాయి. ఒక టీ కొట్టు మాత్రం సగం షట్టరు దించి, లోపల నుంచి గ్లాసులు అందిస్తోంది. పక్కనే ఒక ఆటో, ముందు గులాబీ జెండా, వెనక 'జై తెలంగాణ' అని రాసిన అట్ట. ఆటో నడిపే ఖాజా భాయి గడ్డం దువ్వుకుంటూ టీ తాగుతున్నాడు. గూడూరు అవతలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"బంద్ అక్కా. బండి తీస్తే నా జెండా ఇజ్జత్ ఏం గావాలె?"

మా ఆయన వెళ్ళి అతని పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు గానీ, టీ అయిపోయేసరికి ఖాజా భాయి లేచాడు. విడిది దాకా, అక్కణ్ణుంచి నర్సంపేట దాకా కలిపి ఐదు వందలన్నాడు. బంద్ పేరు చెప్పి ముంచుతున్నాడని నాలుగు వందలకు తెగబేరం ఆడాను.

"సరే అక్కా, నాలుగు వందలే ఇయ్యి. కాని దారిల ఎవలన్న ఆపితే నేనే మాట్లాడుత. మీరు నోరు తెరవకున్రి" అన్నాడు.

మేమెందుకు నోరు తెరవకూడదు? బేరానికి అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడు? దారిలో దింపేసి పోతే దిక్కెవరు? ఊరు దాటేదాకా నేను హ్యాండ్‌బ్యాగు రెండు చేతులా పొదివి పట్టుకునే కూర్చున్నాను. మా ఆయన మాత్రం ఖాజా భాయి కూతురి పెళ్ళి సంగతులు వింటూ, ఏ షామియానావాడు మంచివాడో సలహా ఇస్తున్నాడు.

గూడూరు ఇంకా రాకముందే రోడ్డు మీద జనం. వంటా వార్పు నడుస్తోంది. ఆ రోజుల్లో ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో వండి, నడిరోడ్డు మీదే బంతి కట్టి తినేవారు. వాహనాలు ఆగిపోయేవి, ఆగినవాళ్ళు కూడా తినాల్సిందే. ఒక పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇంకో దాని మీద వంకాయ కూర. ఒకామె చేతిలో గరిటెతోనే ఆటో దగ్గరకు వచ్చి, "ఏడికి?" అని గద్దించింది.

"దవాఖానకు అవ్వా. ఎమర్జెన్సీ" అన్నాడు ఖాజా భాయి, మా ఆయన వైపు చూపిస్తూ. సరిగ్గా అదే సమయానికి నేను నుదురు పట్టుకుని మూలగడం మొదలుపెట్టాను.

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇంతకు పాణం బాలేంది ఎవలకు?"

జన్మంతా ఊరందర్నీ అనుమానించిన నన్ను ఒక మనిషి అలా ఎగాదిగా చూడటం అదే మొదటిసారి. బంద్ నాడు షికారుకు వెళ్తున్నామని తెలిస్తే ఆటోను అక్కడే నిలబెట్టేస్తారు, నాలుగు మాటలు కూడా అంటారు. ఏ అబద్ధం అతుకుతుందా అని నేను వెతుక్కుంటుంటే, మా ఆయన ఆటో దిగి చేతులు జోడించాడు.

"దవాఖాన గాదవ్వా. మేం పైసలు కట్టిన విడిది ఒకటి ఉంది గీ దారిల. ఎన్నడు అడిగినా గది లేదంటరు. బంద్ నాడు మాత్రం రమ్మంటరు. ఇది మూడోపారి. అసలు గది ఉన్నదా లేదా అని చూద్దామని పోతున్నం."

ఆమె గరిటె నడుముకు ఆనించుకుని విరగబడి నవ్వింది. వెనక్కి తిరిగి ఆ మాటే అందరికీ చెప్పింది. రోడ్డంతా నవ్వులు. "బంద్ నాడు గది ఇస్తరట, పెండ్లినాడు తద్దినం పెట్టినట్టు" అని ఎవరో అన్నారు. మమ్మల్ని దింపి, విస్తళ్ళ ముందు కూర్చోబెట్టారు. చందా అడుగుతారని నేను ఒక యాభై నోటు మడిచి గుప్పిట్లో ఉంచుకున్నాను. ఎవరూ అడగలేదు. నేనే తీసి ఇవ్వబోతే ఆ గరిటె ఆమె, "పైసలు లోపట పెట్టుకో బిడ్డా, కూర ఇంకింత ఏసుకో" అంది. పొగ వాసన కొట్టే ఆ వేడి అన్నం, వంకాయ కూర రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. చేతులు కడుక్కున్నాక రాళ్ళు జరిపి ఆటోకు దారి ఇచ్చారు.

గూడూరు దాటాక రోడ్డు పక్కన పొలాలు తగ్గి చెట్లు పెరిగాయి. ఎర్రమట్టి బాటలో కొంత దూరం లోపలికి వెళ్ళాక కనబడింది మా విడిది. ఒట్టు, అంతవరకూ నా అనుమానం ఏమిటంటే, అక్కడ అసలు ఇల్లే ఉండదని. ముళ్ళకంపలున్న ఖాళీ జాగా చూసి, "నేను చెప్పలే?" అని మా ఆయన మీద విరుచుకుపడటానికి దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను. కానీ ఇల్లుంది. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, వరసగా ఆరు గదులు, వెనక చిన్న గుట్ట, గేటు మీద క్లబ్బు గుర్తు. ఫొటోలో ఉన్నట్టే ఉంది, ఇంకా చెప్పాలంటే ఫొటో కంటే బాగుంది.

"చూసినవా విజయా? ఊకె పాపం వాళ్ళను..." అన్నాడు మా ఆయన. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గేటుకు తాళం. ఖాజా భాయి హారన్ మోగిస్తే, చెట్లలోంచి మేకల్ని అదిలిస్తూ ఒకామె వచ్చింది. పక్క తండా మనిషి, పేరు భూలి. ఆ విడిదికి కాపలా. మమ్మల్ని చూసి ఆమె ముఖంలో కలిగిన ఆశ్చర్యం నేను ఎప్పటికీ మరచిపోను.

"ఎవలు మీరు? ఇయ్యాల ఎవలు రారని చెప్పిన్రే!"

"ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఫోన్ చేశారా, మనిషి వచ్చాడా?" అని నేను లాయరులా మీద పడిపోయాను. ఆమె బిగుసుకుపోయి మేకల వైపు చూస్తూ నిలబడింది. ఏమడిగినా "నాకెర్క లేదు". గేటు తీసి లోపలికి రానిచ్చింది గానీ పెదవి విప్పలేదు.

వరండాలోకి వెళ్ళగానే నా కళ్ళు పడింది దండెం మీద. గళ్ళ లుంగీ ఒకటి, బనియన్లు మూడు, తువ్వాలు. బట్టలు కుట్టే దాన్ని కదా, చూడగానే తెలిసిపోతుంది. అవి ఒకరోజు ఉండి పోయే అతిథులవి కావు. ఉతికి ఉతికి రంగు వెలిసిన, ఇంట్లో రోజూ కట్టుకునే బట్టలు. మాకిచ్చిన నాలుగో నంబరు గది కిటికీలోంచి తొంగిచూశాను. మంచం మీద పరుపు చుట్ట, మేకుకు రోడ్డు పనివాళ్ళు పెట్టుకునే పసుపుపచ్చ హెల్మెట్, బల్ల మీద పచ్చడి సీసా, పక్కన గ్యాస్ పొయ్యి, అద్దానికి అతికించి ఎవరో పాప ఫొటో. మా గదిలో ఎవరో కాపురం ఉంటున్నారు! ఆ లుంగీని సెల్‌ఫోన్‌లో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాను. మిగతా ఐదు గదులూ అంతే, అన్నిటికీ తాళాలు.

ఈలోపు మా ఆయన మెట్ల మీద కూర్చుని, భూలి మేకల్లో కుంటుతున్నదాని కాలు పట్టుకుని చూస్తున్నాడు. గిట్టల మధ్య ముల్లు విరిగి ఉందట. నా దగ్గరి గుండుసూది అడిగి తీసుకుని ముల్లు లాగాడు. అప్పుడు భూలి తనంతట తనే మాట్లాడింది, మా ఆయనతో మాత్రమే.

"రోడ్డు కంట్రాక్టోళ్ళ మనుషులు బాపు. ఏడాది సంది ఈడనే ఉంటున్నరు, నెల కిరాయికి. బంద్ అంటే పని ఉండది గద, ఇంటికి పోతరు. తాళాలు సుత ఆళ్ళయే, పట్కపోయిన్రు. గా దినం క్లబ్బు సార్ ఫోన్ జేస్తడు. గదులు మెంబర్లకు ఇచ్చినం, ఎవలు రారు, నువ్వు నీ పని చూస్కో అంటడు."

"ఎన్నడన్న ఎవలన్న వచ్చిండ్రా?" అని అడిగాడు మా ఆయన.

"మీరే ఫస్టు" అంది భూలి, ఏదో పోటీలో గెలిచినవాళ్ళతో చెప్పినట్టు.

అప్పటికీ ఆ 'పాపం' మా ఆయన నాలుక చివరే ఉందని నాకు తెలుసు. సార్ ఎవరో కక్కుర్తి పడ్డాడు, క్లబ్బు పెద్దలకు తెలియదేమో అంటాడు. అందుకని అక్కడే, ఆయన ముందే, క్లబ్బుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆ తేనె గొంతు అమ్మాయే ఎత్తింది. విడిది దగ్గరున్నాం, నాలుగో నంబరు తాళం చెవి కావాలన్నాను.

"అయ్యో, ఇవాళ బంద్ కదా మేడమ్! మీరెలా వెళ్ళారండీ?"

అంతే. ఆ పిల్ల కావాలని అన్న మాట కాదు, పాపం... చూశారా, నాకూ వచ్చేసింది ఆ మాట. నోరు జారిందని దానికీ తెలిసింది. "లైన్లో ఉండండి" అని పాట పెట్టింది. ఆ పాట అయిపోయి మళ్ళీ మొదలైంది, మళ్ళీ అయిపోయింది, తరవాత లైన్ తెగిపోయింది. మా ఆయన సెల్‌ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను "చూసినవా" అనలేదు. ఆ మాట అనడానికి నేను పొద్దుటి నుంచీ కాచుక్కూర్చున్నాను, తీరా సమయం వస్తే అనబుద్ధి కాలేదు. ఆ ముఖం చూస్తే దుఃఖం వచ్చింది. భూలి కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. మేమిద్దరం ఆ వరండాలో ఎవరిదో లుంగీ కింద కాసేపు కూర్చున్నాం. ఇన్నేళ్ళ మా పాయింట్లకు మాకు దక్కిన విహారం అదే.

ఖాజా భాయి మమ్మల్ని నాలుగు కాకముందే నర్సంపేటలో దింపాడు. దారిలో ఎక్కడా దింపేసి పోలేదు, పైసా ఎక్కువ అడగలేదు. నేనే ఐదు వందలు ఇచ్చాను. అతను వంద వెనక్కి ఇవ్వబోతే, "నీ బిడ్డ పెండ్లికి" అన్నాను. సాయంత్రం ఐదింటికి బంద్ సడలి బస్సులు మొదలయ్యాయి. మల్లంపల్లి మీదుగా ములుగు, అక్కడ బస్సు మారి గణపురం దారిలో భూపాలపల్లి. నేరుగా వెళ్ళేవాళ్ళు వరంగల్ నుంచి పరకాల మీదుగా వెళ్ళడమే సుఖం, మాది తప్పనిసరి చుట్టుదారి. సరోజ వాళ్ళ ఇంటికి చేరేసరికి అందరూ భోజనాలకు కూర్చోబోతున్నారు.

కాళ్ళు కడుక్కోకుండానే మొదలుపెట్టాను. గది సంగతి, లుంగీ సంగతి, భూలి చెప్పింది, ఫోన్లో పిల్ల అన్నది, అన్నీ ఏకరువు పెట్టాను. సెల్‌ఫోన్ తీసి ఫొటోలు చూపించాను. సమ్మయ్య ఫోన్ తిప్పి తిప్పి చూశాడు.

"లుంగీ ఫొటో తెచ్చినవా వదినె? క్లబ్బుల ఉన్నోళ్ళు లుంగీ కట్టుకోవద్దా?"

సరోజ కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. సమ్మయ్య కూడా గొంతు పెంచాడు, కానీ ఆ గొంతులో కోపం కంటే వేరే ఏదో ఉంది.

"నీకు నా మీద సుత అనుమానమే ఉండె, పెండ్లికి ముందు. ముప్పై ఏండ్లు బాయిల, చీకట్ల పని చేసిన వదినె. పొద్దు పొడిసేది చూడలే, పొద్దు గూకేది చూడలే. ఇగ జర ఎలుగుల తిరుగుదం, సరోజకు సముద్రం చూపిద్దం అనుకున్న. అది సుత వద్దంటవా?"

అతనికి కావలసింది పాయింట్లు కాదు, వెలుతురు. దాన్ని వద్దని ఎలా అంటాను? కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతున్న మా ఆయన తలెత్తాడు.

"తమ్మీ, వద్దు."

సమ్మయ్య ఆయన వైపు తిరిగాడు.

"వచ్చెటోళ్ళకు గాదు, రానోళ్ళకు ఇస్తున్నరు గది. మేం పోతే, ఎందుకొచ్చిన్రు అన్నట్టు అడిగిన్రు."

"నువ్వు విన్నవా అన్నా? నీ చెవుల తోని?"

"విన్న."

"అయితే సరే" అన్నాడు సమ్మయ్య. అంతే, ఇంకో ప్రశ్న లేదు. టీవీ మీదున్న రంగురంగుల క్లబ్బు పుస్తకం తీసి, సరోజ కూర గిన్నె కింద పెట్టింది. ఆ పుస్తకం అట్ట మీద కాళేశ్వరం గోదావరి ఫొటోనే ఉంది. నేను గొంతు చించుకుంటే వెంట్రుకంత కదలని మనిషి, ఆయన రెండు మాటలకు కదిలిపోయాడు! ముందు కడుపు మండింది. తరవాత సరోజ ముఖం చూశాను, చల్లబడింది.

మర్నాడు మీటింగ్ వేళకు మేం నలుగురం కాళేశ్వరం బస్సులో ఉన్నాం. భూపాలపల్లి నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం, అడవి దారి. సత్రంలో గది అడిగితే ఎన్ని రోజులు ఉంటారని అడిగారు, తాళం చెవి చేతిలో పెట్టారు. ఒక్కసారి అడిగితే గది దొరకడం నాకెంత కొత్తగా అనిపించిందంటే, ఇందులో ఏదో మతలబు ఉందని మంచం కింద కూడా వంగి చూశాను. మతలబు లేదు. సాయంత్రం రెండు నదులు కలిసేచోట సమ్మయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, పొద్దు గూకడం మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ఒడ్డుకు రమ్మని సరోజ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

మా సభ్యత్వం ఏమైందని అడుగుతారు. ఏటా కట్టే ఖర్చు కట్టడం మానేశాం, పాయింట్లు మురిగిపోయాయి, కట్టింది కట్టినట్టే పోయింది. నా అనుమానాలు మాత్రం తగ్గలేదు. కాకపోతే ఆ రోజు ఒక సంగతి తెలిసి కొంచెం సిగ్గుపడ్డాను. పెళ్ళికి ముందు సమ్మయ్యను, గరిటె ఆమెను, ఖాజా భాయిని, అందర్నీ ఒకే కొలతతో అనుమానించాను కాబట్టి, నిజంగా మోసం కనబడిన రోజున నా మాటకు బరువు లేకపోయింది. ఆయన ఎవర్నీ కాదనడు కాబట్టి, కాదన్న ఆ ఒక్కసారి మా చెల్లెలి ఇల్లు నిలబడింది. ఇక ఇలాంటి క్లబ్బుల్లో చేరదామనుకునేవాళ్ళకు నా సలహా ఒకటే. సంతకం పెట్టకముందు, ఎవరూ రాలేరని వాళ్ళు ధీమాగా ఉన్న రోజు చూసుకుని ఆ గది దగ్గరికి వెళ్ళండి. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి, ఎవర్నీ అనుమానించని మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక చెప్పాల్సింది ఆ మనిషే.